జన్యువును ఆన్ చేసే ఎన్‌హాన్సర్‌ని ల్యాప్‌టాప్‌లో పట్టుకోవడం ఎలా: బీసీఎల్11ఏ ఉదాహరణతో, అనుమానం నుంచి రుజువు దాకా

ఎమ్మెస్సీ జెనెటిక్స్, బయోటెక్నాలజీ చదివేవాళ్లకి ప్రాజెక్టు టైమ్ రాగానే పట్టుకునే టెన్షన్ ఒకటే: సీక్వెన్సింగ్ మెషీన్ లేదు, కణాలు పెంచే సౌకర్యం అంతంతమాత్రం, మరి జన్యు నియంత్రణ మీద ఏం పని చేస్తాం? విశాఖలో మద్దిలపాలెం అద్దె గదిలో కూర్చుని మామూలు ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్‌తో ఈ పనిలో సగం చేసేయొచ్చు, ఎందుకంటే పెద్ద పెద్ద ల్యాబులు ఏళ్ల తరబడి తీసిన డేటా ఉచితంగానే దొరుకుతోంది. మిగతా సగం ల్యాబులోనే తేలాలి. ఆ గీత ఎక్కడుందో తెలియక చాలా రిపోర్టులు "ఇక్కడ పీక్ కనిపించింది, కాబట్టి ఇదే ఎన్‌హాన్సర్" అనే మాట దగ్గర ఆగిపోతాయి. పీక్, అంటే డేటా గ్రాఫ్ పైకి లేచిన చోటు, ఉంటే అనుమానించొచ్చు, అంతే. ఆ ముక్కని తీసేస్తే జన్యువుకి ఏమైందో చూపిస్తేనే రుజువు.

ఉదాహరణకి బీసీఎల్11ఏ జన్యువుని తీసుకుంటున్నాను. కారణం మన ప్రాంతమే. పాడేరు, అరకు వైపు మన్యంలో సికిల్ సెల్ జబ్బుతో బాధపడే కుటుంబాలు ఉన్నాయి, వాళ్లలో చాలామంది పెద్ద వైద్యం కావాలంటే కొండ దిగి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికే రావాలి. ఆ జబ్బుకి 2023లో అనుమతి వచ్చిన జన్యు చికిత్స కత్తి పెట్టింది సరిగ్గా ఒక ఎన్‌హాన్సర్ మీద. పుస్తకంలో బొమ్మలా కనిపించే విషయం చికిత్స దాకా ఎలా వెళ్లిందో మొదటి నుంచి చివరి దాకా చూడగలిగే ఉదాహరణలు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి.

మొదలుపెట్టే ముందు తెలిసి ఉండాల్సినవి

ఎన్‌హాన్సర్ అంటే ప్రోటీన్‌కి కోడ్ ఇవ్వని చిన్న డీఎన్ఏ ముక్క, సాధారణంగా కొన్ని వందల అక్షరాలు (బేసులు). దాని మీద ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లు (జన్యువు పనిని నియంత్రించే ప్రోటీన్లు) కూర్చుని, దూరంగా ఉన్న జన్యువు ప్రమోటర్‌ని, అంటే జన్యువు మొదలయ్యే చోట ఉండే స్విచ్‌ని, పని చేయిస్తాయి. 1981లో ఎస్‌వీ40 వైరస్‌లోని 72 అక్షరాల ముక్కని బీటా గ్లోబిన్ జన్యువు దగ్గర పెట్టి చూసినప్పుడు ఈ సంగతి బయటపడింది: ముందు పెట్టినా వెనక పెట్టినా, తిరగేసి పెట్టినా జన్యువు పని పెరిగింది. ఎంత దూరం నుంచి పనిచేస్తుందంటే, చేతివేళ్లు సరిగ్గా ఏర్పడడానికి కావలసిన ఎస్‌హెచ్‌హెచ్ జన్యువుకి దాని ఎన్‌హాన్సర్ దాదాపు 10 లక్షల అక్షరాల అవతల, ఎల్‌ఎంబీఆర్1 అనే వేరే జన్యువు లోపల ఉంది. అందులో ఒక్క అక్షరం మారినా అదనపు వేలితో పుట్టొచ్చు. ఎలుకల్లో ఆ ముక్కని మొత్తం తీసేస్తే కాళ్లు మొండిగా వచ్చాయి.

క్రోమాటిన్ సంగతి. డీఎన్ఏ ఉత్త దారంలా ఉండదు. 147 అక్షరాల చొప్పున హిస్టోన్ ప్రోటీన్ల గుత్తి చుట్టూ చుట్టుకుని న్యూక్లియోసోమ్‌లుగా ఉంటుంది. ఈ మొత్తం చుట్టనే క్రోమాటిన్ అంటారు. గట్టిగా చుట్టుకున్న చోట చాలా ఫ్యాక్టర్లు లోపలికి వెళ్లలేవు. ఒకే డీఎన్ఏ ఉన్నా మెదడు కణం, రక్తకణం వేరువేరుగా తయారవుతున్నాయంటే ఏ కణంలో ఏ ముక్క తెరుచుకుంది, ఏది మూసుకుంది అన్న తేడా అందులో పెద్ద భాగం. దూరం విషయానికొస్తే, చీర మడతపెడితే రెండు కొసల అంచులు పక్కపక్కకి వచ్చినట్టు, క్రోమాటిన్ లూప్ తిరిగినప్పుడు లక్షల అక్షరాల దూరంలో ఉన్న ఎన్‌హాన్సర్ ప్రమోటర్ పక్కకి వస్తుంది.

ఇంతే చాలు. ఇక పనిలోకి.

అడుగు 1: ప్రశ్నని ఒక్క వాక్యంలో, కణం పేరుతో, వయసుతో రాయండి

బ్రౌజర్ తెరవకముందే కాగితం మీద రాయాలి. "బీసీఎల్11ఏ ఎన్‌హాన్సర్ ఏది?" అనేది ప్రశ్న కాదు, ఎందుకంటే ఈ జన్యువు మెదడులో, బీ లింఫోసైట్లలో, ఎర్ర రక్తకణాల పూర్వకణాల్లో పనిచేస్తుంది, ఒక్కోచోట ఆన్ చేసేది ఒక్కొక్కటి కావచ్చు. సరైన ప్రశ్న ఇలా ఉంటుంది: "పెద్దవాళ్ల ఎముక మజ్జలో ఎర్ర రక్తకణంగా మారబోయే కణంలో బీసీఎల్11ఏని పని చేయించే డీఎన్ఏ ముక్క ఏది?"

ఈ జన్యువు ఎందుకు ముఖ్యమంటే, కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఎక్కువగా ఉండేది పిండ హీమోగ్లోబిన్, దాంట్లో గామా గ్లోబిన్ ఉంటుంది. పుట్టాక నెలలు గడిచేకొద్దీ గామా తగ్గి బీటా పెరుగుతుంది, పెద్దవాళ్లలో పిండ హీమోగ్లోబిన్ దాదాపు 1 శాతం దగ్గరో ఇంకా కిందో ఉంటుంది. సికిల్ సెల్ దోషం బీటాలో ఉంది కాబట్టే జబ్బు ఉన్న పిల్లలు మొదటి కొన్ని నెలలు బాగానే ఉండి, తర్వాత నొప్పులు, రక్తహీనత మొదలవుతాయి. గామాని అణిచివేసే ముఖ్యమైన ప్రోటీన్ బీసీఎల్11ఏ అని 2008లో చూపించారు. అంటే ఎర్ర కణాల్లో మాత్రం దీన్ని తగ్గించగలిగితే గామా మళ్లీ వస్తుంది. "ఎర్ర కణాల్లో మాత్రం" అన్నదే అసలు చిక్కు, ఎన్‌హాన్సర్ అవసరం అక్కడే.

అడుగు 2: జీనోమ్ బ్రౌజర్‌లో సరైన చోటికి చేరండి

యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ (జీనోమ్‌ని పటంలా చూపించే ఉచిత వెబ్‌సైట్) తెరిచి, మనిషి జీనోమ్‌లో హెచ్‌జీ38 వెర్షన్ ఎంచుకోండి, జన్యువు పేరుతో వెతకండి. 2వ క్రోమోజోమ్ మీద సుమారు 60.45 నుంచి 60.55 మిలియన్ల మధ్య కనిపిస్తుంది. అటూ ఇటూ కొంచెం ఖాళీ ఉండేలా జూమ్ వెనక్కి తీయండి.

ఇక్కడ రెండు గోతులు ఉన్నాయి, కొత్తవాళ్లు దాదాపు అందరూ పడతారు.

మొదటిది వెర్షన్. 2013 నాటి పేపర్లలో ఇచ్చిన స్థానాలు పాత హెచ్‌జీ19వి. ఈ ప్రాంతంలో పాతదానికీ కొత్తదానికీ తేడా సుమారు 2,27,000 అక్షరాలు. పాత నంబరుని తెచ్చి హెచ్‌జీ38లో కొడితే జన్యువు లోపలికి కాదు, జన్యువు దాటి బయట ఎక్కడో దిగుతారు, అక్కడ ఏ పీకూ కనబడక "పేపర్ తప్పు" అనుకుంటారు. అదే వెబ్‌సైట్‌లో లిఫ్ట్‌ఓవర్ అనే సాధనం ఉంది, నంబర్లని దాంట్లో మార్చుకోండి.

రెండోది దిక్కు. బీసీఎల్11ఏ మైనస్ స్ట్రాండ్ మీద ఉంది, అంటే జన్యువు మొదలయ్యేది స్క్రీన్ మీద కుడిపక్క. పేపర్లో "+58" అని ఉంటే జన్యువు మొదలు నుంచి 58 వేల అక్షరాలు లోపలికి అని అర్థం, స్క్రీన్ మీద ఎడమవైపుకి. మొదలు సుమారు 60.553 మిలియన్ల దగ్గర, కాబట్టి మనం చూడాల్సింది 60.495 చుట్టుపక్కల. అది రెండో ఇంట్రాన్ (జన్యువు మధ్యలో ప్రోటీన్‌కి కోడ్ ఇవ్వని భాగం) లోపల పడుతుంది. ఇంట్రాన్ అంటే పనికిరాని భాగం అని ఇంటర్లో బట్టీ పట్టించారు చూడండి, దాన్ని ఇక్కడే వదిలేయాలి.

అడుగు 3: ట్రాకులు తక్కువ పెట్టండి, వాటిని చదవడం నేర్చుకోండి

ట్రాక్ అంటే స్క్రీన్ మీద ఒక రకం డేటా వరస. అన్ని ట్రాకులూ ఆన్ చేస్తే స్క్రీన్ రంగులపండగలా ఉంటుంది, అర్థం మాత్రం సున్నా. కొన్ని చాలు.

డీఎన్‌ఏజ్ లేదా ఏటాక్ ట్రాక్ ముందు పెట్టండి. ఎంజైమ్ ఎక్కడ దూరగలిగిందో అక్కడ పీక్ వస్తుంది, అంటే క్రోమాటిన్ తెరిచి ఉన్న చోటు. తెరిచి ఉన్న ప్రతి చోటూ ఎన్‌హాన్సర్ కాదు. ప్రమోటర్లు తెరిచే ఉంటాయి, సీటీసీఎఫ్ ప్రోటీన్ కూర్చునే చోట్లూ తెరిచే ఉంటాయి.

తర్వాత హిస్టోన్ గుర్తులు, అంటే హిస్టోన్ల మీద అంటుకునే రసాయన గుర్తులు. హెచ్3కే27ఏసీ ఉంటే ఆ ముక్క ప్రస్తుతం చురుగ్గా ఉందని బలమైన సూచన. హెచ్3కే4ఎంఈ3 ఎక్కువగా ఉంటే ప్రమోటర్, హెచ్3కే4ఎంఈ1 ఎక్కువగా ఉండి ఎంఈ3 తక్కువగా ఉంటే ఎన్‌హాన్సర్ అయ్యే అవకాశం. హెచ్3కే27ఎంఈ3 పరుచుకుని ఉంటే పాలీకోంబ్ ప్రోటీన్లు ఆ ప్రాంతాన్ని అణిచి ఉంచాయని. పిండ దశలో చాలా జన్యువులు ఈ చివరి గుర్తు కింద మూసుకుని, తమ వంతు వచ్చేదాకా ఆగి ఉంటాయి.

ఒక సంగతి గమనించండి: హెచ్3కే27ఏసీ పీక్ చాలాసార్లు ఒంటె మూపుల్లా రెండుగా ఉండి మధ్యలో లోయ ఉంటుంది. ఫ్యాక్టర్లు కూర్చున్న చోట న్యూక్లియోసోమ్ ఉండదు, హిస్టోనే లేకపోతే హిస్టోన్ గుర్తు ఎక్కడిది? డీఎన్‌ఏజ్ పీక్ సరిగ్గా ఆ లోయలో నిలబడుతుంది. మనకి కావలసింది మూపు కాదు, లోయ. పీక్ ఎత్తైన చోటుని పట్టుకుని ప్రైమర్లు వేసేవాళ్లు కొన్ని వందల అక్షరాల పక్కకి జరిగిపోతారు.

చివరిది ఎన్‌కోడ్ అనే పెద్ద డేటా ప్రాజెక్టు వాళ్ల సీసీఆర్‌ఈ (క్యాండిడేట్ సిస్-రెగ్యులేటరీ ఎలిమెంట్) ట్రాక్. ఎరుపు ప్రమోటర్ లాంటివి, నారింజ దగ్గరి ఎన్‌హాన్సర్ లాంటివి, పసుపు దూరపువి. 2020లో ప్రకటించిన జాబితాలో మనిషికి 9 లక్షలకు పైగా ఉన్నాయి. ప్రోటీన్ జన్యువులేమో 20 వేల చిల్లర. పేరులోనే "క్యాండిడేట్" ఉంది, అంటే పోటీలో నిలబడ్డాయి గానీ గెలవలేదు.

స్కేల్ గురించి కూడా చెప్పాలి. బ్రౌజర్ ప్రతి ట్రాక్‌కీ ఎత్తుని తనంతట తాను సర్దే సెట్టింగ్‌లో ఉంటే, ఒక కణంలో 5 యూనిట్ల పీక్, ఇంకో కణంలో 200 యూనిట్ల పీక్ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. రెండు కణాల్ని పోల్చేటప్పుడు ఆటో స్కేల్ తీసేసి ఇద్దరికీ ఒకే గరిష్ఠ విలువ పెట్టండి. ఇది చేయకుండా తీసిన స్క్రీన్‌షాట్‌ని నమ్మకండి, ఎవరు తీసినా సరే.

అడుగు 4: సరైన కణం, సరైన వయసు

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. ఎర్ర రక్తకణాల డేటా అనగానే అందరూ కే562 తీస్తారు, ఎందుకంటే దాని మీద ఉన్నంత డేటా మరో రక్తకణం మీద లేదు. అది లుకేమియా రోగి నుంచి వచ్చిన కణ వంశం, పిండ దశ గ్లోబిన్లనే ఎక్కువగా తయారుచేస్తుంది, పెద్దవాళ్ల బీటా గ్లోబిన్ కాదు. మన ప్రశ్నేమో పెద్దవాళ్ల గురించి. కాబట్టి దాన్ని చూడండి గానీ తీర్పు దాని మీద రాయకండి. ఎముక మజ్జ మూలకణాల్ని ఎర్ర కణాలుగా మార్చి తీసిన డేటా కోసం వెతకండి, లేదా జపాన్‌లో తయారుచేసిన హ్యూడెప్-2 కణాల డేటా చూడండి. అవి బొడ్డుతాడు రక్తం నుంచి వచ్చినా ఎక్కువగా పెద్దవాళ్ల హీమోగ్లోబిన్‌నే తయారుచేస్తాయి.

పక్కన జీఎమ్12878 అనే బీ కణాల ట్రాక్ పెట్టుకోండి. బీసీఎల్11ఏ రెండింట్లోనూ పనిచేస్తుంది కాబట్టి పోలిక భలే కుదురుతుంది. ప్రమోటర్ రెండింట్లోనూ తెరిచే ఉంటుంది. కానీ రెండో ఇంట్రాన్‌లో +55, +58, +62 దగ్గర మూడు డీఎన్‌ఏజ్ పీకులు ఎర్ర కణాల పూర్వకణాల్లోనే కనిపిస్తాయి, బీ కణాల్లో, మెదడులో ఆ చోట దాదాపు చదునే. ఒకే జన్యువు, ఒకే ప్రమోటర్, ఆన్ చేసే చోట్లు మాత్రం కణాన్ని బట్టి వేరు.

వయసు దగ్గర ఒక హెచ్చరిక. పుట్టిన బిడ్డలో బీసీఎల్11ఏ తక్కువ ఉందంటే ఎన్‌హాన్సర్ ఇంకా తెరుచుకోలేదేమో అనిపిస్తుంది కదా. 2020లో తేలింది వేరు: నవజాత ఎర్ర కణాల్లో ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది గానీ, లిన్28బీ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని అనువాదం జరగకుండా ఆపుతుంది. ఎదుగుదలలో ప్రతి మార్పునీ క్రోమాటిన్ ఖాతాలో రాసేయకూడదన్నమాట. ఆర్‌ఎన్‌ఏ ఒక పక్క, ప్రోటీన్ ఒక పక్క రెండూ చూశాకే మాట్లాడాలి.

అడుగు 5: జనాభాలో తేడాలు ఏం చెబుతున్నాయో చూడండి

బ్రౌజర్‌లో జీవాస్ కేటలాగ్ (జనాభాలో డీఎన్ఏ తేడాలకీ లక్షణాలకీ ఉన్న సంబంధాల జాబితా) ట్రాక్ ఆన్ చేయండి. పిండ హీమోగ్లోబిన్ కొందరిలో సహజంగానే కొంచెం ఎక్కువ ఉంటుంది, దానికి కారణమైన తేడాలు వెతికితే 2007, 2008లలో బీసీఎల్11ఏ బయటపడింది, అవి వచ్చి కూర్చున్నది మనం చూస్తున్న ఈ ఇంట్రాన్‌లోనే. వాటిలో ఆర్‌ఎస్1427407 అనే తేడా +62 పీక్‌లో పడుతుంది.

కేటలాగ్‌లో ముందు కనిపించే పేరే అసలు దోషి అనుకోవద్దు. పక్కపక్కన ఉన్న తేడాలు తరతరాలుగా కలిసే వస్తాయి, వాటిలో ఏది పని చేసిందో గణాంకాలు ఒక్కటే చెప్పలేవు. తెరిచి ఉన్న క్రోమాటిన్ మీద పడ్డవాటిని వేరు చేసి, ఏది ఫ్యాక్టర్ కూర్చునే అక్షరాల్ని చెడగొడుతోందో చూడండి.

అడుగు 6: ఎవరు ఎవరిని తాకుతున్నారు

క్రోమాటిన్ ఆకారం చూడాలంటే హై-సీ డేటా. 2009 నుంచి ఉన్న పద్ధతి: దగ్గరగా ఉన్న డీఎన్ఏ ముక్కల్ని కణంలోనే అతికించి, ఏది దేనితో అతికిందో లెక్కపెట్టడం. స్క్రీన్ మీద త్రికోణాలు కనిపిస్తాయి. ఒక త్రికోణం లోపలున్నవి తమలో తాము ఎక్కువగా తాకుతాయి, వీటినే ట్యాడ్‌లు అంటారు. అంచుల దగ్గర చాలాచోట్ల సీటీసీఎఫ్ ఉంటుంది. కోహెసిన్ అనే రింగు డీఎన్ఏని లాగుతూ లూపు పెంచుకుంటూ పోయి, ఎదురెదురుగా నిలబడ్డ సీటీసీఎఫ్‌ల దగ్గర ఆగుతుంది.

యూసీఎస్‌సీలో హెచ్‌జీ38కి దొరికే మైక్రో-సీ (హై-సీ లాంటిదే, ఇంకా సూక్ష్మంగా చూపేది) ట్రాకులు పిండ మూలకణాలవి, చర్మపు ఫైబ్రోబ్లాస్టులవి. రెండూ ఎర్ర కణాలు కావు, అడుగు 4 మళ్లీ చదువుకోండి. ఇంకోటి, 10 వేల అక్షరాల గడులున్న డేటాలో 58 వేల దూరం అంటే ఆరు గడులే. అంత దగ్గర్లో ఎలాగూ అన్నీ అన్నిటినీ తాకుతూనే ఉంటాయి, కాబట్టి మన బీసీఎల్11ఏ విషయంలో హై-సీ పెద్దగా సాయపడదు.

ఇది సాయపడేది గ్లోబిన్ జన్యువుల దగ్గర. 11వ క్రోమోజోమ్ మీద వరసగా ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, బీటా ఉంటాయి. ఎప్సిలాన్‌కి ముందు ఎల్‌సీఆర్ అనే బలమైన నియంత్రణ ప్రాంతం. 1983లో ఒక డచ్ కుటుంబంలో బీటా జన్యువు చెక్కుచెదరకుండా ఉన్నా పని చేయకపోవడం చూశారు, దాని ముందున్న పెద్ద ముక్క పోయింది. ఎదుగుదల దశని బట్టి ఈ ఎల్‌సీఆర్ ఏ జన్యువుతో లూపు కడితే అది జోరుగా పనిచేస్తుంది. లూపు కారణమా, ఫలితమా? 2014లో పెద్దవాళ్ల ఎర్ర కణాల్లో లూపు కట్టించే ఎల్‌డీబీ1 ప్రోటీన్‌ని బలవంతంగా గామా ప్రమోటర్ దగ్గర కట్టిపెడితే ఎల్‌సీఆర్ అటు తిరిగి, మూతపడ్డ గామా మళ్లీ పనిచేసింది. ఇక్కడ లూపు కారణమే.

అలాగని ప్రతిచోటా కాదు. 2017లో కోహెసిన్‌ని కొద్ది గంటల్లో మాయం చేసి చూస్తే లూపులన్నీ పోయాయి, జన్యువుల పని మాత్రం చాలావాటిలో పెద్దగా మారలేదు. మరోపక్క 2015లో ఈపీహెచ్‌ఏ4 దగ్గర ట్యాడ్ సరిహద్దు చెడిన కుటుంబాల్లో పక్కింటి ఎన్‌హాన్సర్లు తప్పు జన్యువుల్ని ఆన్ చేసి వేళ్లు అతుక్కుని, పొట్టిగా, అదనంగా వచ్చాయి. నా అభిప్రాయం అడిగితే, హై-సీ బొమ్మ చూసి తాకుతోందని రాయండి, ఆన్ చేస్తోందని రాయకండి.

అడుగు 7: తీసేసి చూడటం

ఇది ల్యాబు పని. మీ గైడ్‌తో, కణాలు పెంచే చోటుతో మాట్లాడుకోవాలి, హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోట సమ్మర్ ట్రైనింగ్‌కి అప్లై చేసేటప్పుడు ప్రతిపాదనగా రాసుకోవడానికీ పనికొస్తుంది.

లూసిఫరేజ్ పరీక్ష తేలిక, ముక్కని ప్లాస్మిడ్‌లో పెట్టి వెలుగు కొలుస్తారు. కానీ ప్లాస్మిడ్‌లో అసలు క్రోమాటిన్ ఆకారమే ఉండదు, అందుకే అది "చేయగలదు" అని చెబుతుంది గానీ "చేస్తోంది" అని చెప్పదు. డీఎన్ఏని కోరిన చోట కోసే క్రిస్పర్‌తో ముక్కని దాని సొంత చోటులోనే చెడగొట్టాలి. ఎక్కడ కోయాలో చూపే 20 అక్షరాల గైడ్, పక్కన రెండు గ్వానీన్లతో ముగిసే పామ్ (కోతకి తప్పనిసరిగా ఉండాల్సిన చిన్న గుర్తు), దానికి మూడక్షరాల ముందు కోత; క్రిస్పార్ వెబ్‌సైట్‌లో గైడ్లు తయారుచేసుకోవచ్చు, అదీ ఉచితమే.

బీసీఎల్11ఏలో 2013లో చేసిందిదే. ఎలుక ఎర్ర కణాల్లో ఈ ప్రాంతాన్ని తీసేస్తే బీసీఎల్11ఏ దాదాపు లేకుండా పోయింది, బీ కణాల్లో తీస్తే ఏమీ కాలేదు. 2015లో హ్యూడెప్-2 కణాల్లో ఈ ఎన్‌హాన్సర్ పొడవునా వీలైన ప్రతిచోటా కోసి చూస్తే, మనిషిలో కీలకం +58 అని, అందులోనూ గాటా1 ఫ్యాక్టర్ కూర్చునే చిన్న చోటు అని తేలింది. ఎలుకలో ముఖ్యమైనదేమో +62! అందుకే కన్సర్వేషన్ ట్రాక్ (జాతుల మధ్య మారకుండా ఉన్న అక్షరాల్ని చూపేది) చూసి ఎలుక ఫలితాన్ని మనిషికి అంటగట్టకూడదు.

కంట్రోల్స్ మర్చిపోవద్దు. ఏ పనీ లేని చోట కోసే గైడ్ ఒకటి, జన్యువు ఎక్సాన్‌లోనే (ప్రోటీన్‌కి కోడ్ ఇచ్చే భాగంలోనే) కోసే గైడ్ ఒకటి, అదే ప్రయోగం బీ కణాల్లో ఒకసారి. కొలవాల్సింది బీసీఎల్11ఏ ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్, గామా గ్లోబిన్, ఫ్లో సైటోమెట్రీతో పిండ హీమోగ్లోబిన్ ఉన్న కణాల శాతం.

ఆ గాటా1 చోటునే రోగి సొంత మూలకణాల్లో కోసి, కీమో ఇచ్చాక తిరిగి ఎక్కించే చికిత్సే క్యాస్‌జెవీ. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. అరకు నుంచి బస్సెక్కి కేజీహెచ్‌కి వచ్చే కుటుంబానికి ఇప్పటికి దొరికేది హైడ్రాక్సీయూరియా మాత్రలే, అవీ పిండ హీమోగ్లోబిన్‌ని పెంచేవే.

అడుగు 8: రిపోర్టు రాయడం

బ్రౌజర్‌లో సెషన్ సేవ్ చేసి లింక్ దాచుకోండి. ప్రతి బొమ్మ కింద జీనోమ్ వెర్షన్, కణం పేరు, ట్రాక్ పేరు, స్కేల్ గరిష్ఠ విలువ, చూసిన తేదీ రాయండి. ఏ వాక్యం డేటా చూసి రాసింది, ఏది వేరేవాళ్ల ప్రయోగం, ఏది మీ ఊహ అన్నది విడివిడిగా కనిపించాలి. వైవాలో ఎగ్జామినర్ ముందు అడిగేది "ఏ కణం డేటా ఇది, ఎందుకు ఈ కణం" అనే, అడుగు 1లో రాసుకున్న వాక్యాన్నే అక్కడ చదివేయొచ్చు.